రేవు పట్నంలో కోర్టు కమిషన్

1946 ఫిబ్రవరిలో చిత్తూరు సబ్ కోర్టు ఒక పార్టిషన్ దావాలో నన్ను కమిషనరుగా నియమించింది. పార్టిషన్ దావా అంటే ఉమ్మడి ఆస్తిని పంచి ఇమ్మని కోరే దావా. న్యాయవాదిగా పేరు నమోదు చేసుకుని నాకు అప్పటికి రెండేళ్ళు నిండలేదు. కమిషనరు అనే మాట వినడానికి గంభీరంగా ఉంటుంది కాని అది హోదా కాదు, ఒక పని. వివాదంలో ఉన్న స్థలాన్ని జడ్జి స్వయంగా వెళ్ళి చూడలేనప్పుడు తన కళ్ళకు బదులుగా ఒక వకీలును పంపుతాడు. ఆ వకీలు ఇరుపక్షాలకూ నోటీసు ఇచ్చి, వారి సమక్షంలో స్థలాన్ని చూసి, కొలిచి, నక్షా గీసి, చూసినదాన్ని నివేదికగా రాసి దాఖలు చేయాలి. చూసినదాన్ని మాత్రమే రాయాలి. దాన్నుంచి ఏమి తేలుతుందో చెప్పడం జడ్జి పని.

ఈ చివరి నియమం నా స్వభావానికి విరుద్ధమైనది. కాలేజీలో నేను వాదపోటీల మనిషిని. అక్కడ ఏ పక్షం వాదించాలో పోటీకి కాసేపటి ముందు చీటీ తీసి చెప్పేవారు. ఏ చీటీ వచ్చినా అదే నా నమ్మకమన్నట్టు మాట్లాడటం, ఎదుటివాడి ప్రతి వాక్యానికీ "మీకెలా తెలుసు?" అని అడగటం నాకు అలవాటు. తిరుపతిలో మా నాయన నన్ను ఇంటికి వచ్చిన బంధువుల ముందు కూర్చోనిచ్చేవాడు కాదు, వాళ్ళు మళ్ళీ రారేమోనని. ఆ అలవాటే నన్ను ప్లీడరును చేసింది. కమిషనరుకు మాత్రం పక్షం ఉండకూడదు.

దావా వేసినామె చెంగమ్మ. వయసు ముప్ఫై అయిదు దాటి ఉండదు. పిల్లలు లేరు. భర్త చనిపోయి నాలుగేళ్ళయింది. ప్రతివాది ఆమె బావ, అంటే భర్తకు అన్న, గురవయ్య. వారి తండ్రి సత్యవేడు మనిషి. సత్యవేడు అప్పట్లో చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. ఆయన అక్కడినుంచి చింతపండు, బెల్లం బండ్ల మీద పులికాట్ రేవుకు చేరవేసి, అక్కడ కాలువ పడవల్లోకి ఎక్కించి మద్రాసుకు పంపేవాడు. తర్వాత చిత్తూరుకు మారి మామిడి వ్యాపారంలో స్థిరపడ్డాడు. బంగారుపాళ్యం దగ్గర తోటలు కొన్నాడు. ఆయన పోయేనాటికి మిగిలిన ఆస్తి ఆ తోటలు, చిత్తూరులో ఒక ఇల్లు, పులికాట్‌లో ఒక పాత కట్టడం. చిత్తూరు ఇల్లు గురవయ్య భార్య పేర ఉంది.

అప్పటి చట్టం సంగతి చెప్పకపోతే ఆ పాత కట్టడం ఎందుకంత ముఖ్యమైందో అర్థం కాదు. 1937లో వచ్చిన చట్టం హిందూ వితంతువుకు ఉమ్మడి కుటుంబంలో భర్త వాటాను పంచి ఇమ్మని అడిగే హక్కు ఇచ్చింది. కాని ఆ చట్టం వ్యవసాయ భూములకు వర్తించదని ఫెడరల్ కోర్టు తేల్చింది. మద్రాసు రాష్ట్రంలో ఆ లోటును సరిదిద్దే చట్టం అప్పటికింకా రాలేదు. కాబట్టి తోటలు చెంగమ్మకు అందవు. ఇల్లు ఎప్పుడో చేయి దాటిపోయింది. ఆమె అడగగలిగింది, దక్కితే ఆమెను బావ ఇంటి పంచలోనుంచి బయటికి తీసుకురాగలిగింది, ఆమె ఎన్నడూ చూడని పులికాట్ కట్టడంలో సగం మాత్రమే.

గురవయ్య జవాబు చిన్నది. ఆ కట్టడం కుటుంబ ఆస్తే కాదు. కోస్తానుంచి తిరుపతి కొండకు వెళ్ళే యాత్రికుల కోసం తండ్రి దాన్ని సత్రంగా ధర్మానికి ఇచ్చేశాడు. ఏళ్ళ తరబడి అక్కడ అన్నదానం జరుగుతూ ఉంది. ధర్మానికి ఇచ్చినదానిలో ఎవరికీ వాటా ఉండదు. ఈ వాదం నిలిస్తే చెంగమ్మకు ఏమీ మిగలదు.

కమిషనరు ఏయే అంశాలు గమనించాలో ఇరుపక్షాలూ ముందుగా మెమో ఇవ్వవచ్చు. చెంగమ్మ వకీలు తన మెమోలో, అది గదులున్న నివాస గృహమని, గుమ్మంపైన సున్నంతో తీర్చిన "ధర్మసత్రము" అనే అక్షరాలు కొత్తవని గమనించమన్నాడు. గురవయ్య మెమోలో, పడవల రేవునుంచి ఆ కట్టడం వరకు దారి పొడవునా నడిచి, అది యాత్రికుల దారిలో ఉన్నట్టు, ఆ పట్నం చరిత్రలో దానికొక స్థానం ఉన్నట్టు గమనించమని ఉంది. ఆ పట్నాన్ని నేను వీధి వెంట వీధి నడిచి చూడవలసి రావడానికి కారణం ఈ మెమో.

చిత్తూరునుంచి కాట్పాడి మీదుగా మద్రాసుకు, అక్కడినుంచి పొన్నేరికి రైలు. పొన్నేరినుంచి, పెట్రోలు కొరతవల్ల యుద్ధకాలంలో వచ్చిన, బొగ్గుతో నడిచే బస్సు. అది రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకుంది. నా వెంట నా గుమాస్తా మునిరత్నం ఉన్నాడు. అతని చేతిలో కొలత టేపు, నక్షా కాగితాల చుట్ట; భుజాన ఒక సంచీలో రాగిపిండి, చెనిక్కాయల పొడి, ఒక కుండ, ఒక తెడ్డు. కమిషనరు ఏ పక్షం ఇంటా భోజనం చేయకూడదు, కాఫీ అయినా తాగకూడదు. ఇది చట్టంలో రాసి ఉన్న నియమం కాదు; మా సీనియరు నాకు మొదటిరోజే చెప్పిన ఆచారం. బియ్యం రేషనులో ఉన్న రోజులు కాబట్టి మునిరత్నం సంగటికి సిద్ధపడి వచ్చాడు. బస్సు దిగగానే గురవయ్య ఎదురొచ్చి, తన స్నేహితుడి ఇంట్లో భోజనానికి ఏర్పాటు చేశానన్నాడు. వద్దన్నాను. "అట్లయితే ఒక టెంకాయ నీళ్ళన్నా తాగు సామీ, అది భూమిలోంచి వచ్చిందే గానీ నేను సేసింది గాదు" అన్నాడు. అదీ వద్దన్నాను. తన వకీలుకు ఒంట్లో బాగాలేదని, తాను ఒక్కడే వచ్చానని చెప్పాడు. అయితే ఒంటరిగా రాలేదు. దారి చూపడానికి ఒక పెద్దమనిషిని తెచ్చుకున్నాడు.

ఆయన వడివేలు మేష్టారు. ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో పనిచేసి రిటైరైన మనిషి. ఎండకు తలమీద తడిగుడ్డ, చేతిలో వెదురు బెత్తం. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు మాట్లాడతానని, ఒక్కోసారి తాను ఇంట్లో ఉన్నదీ వీధిలో ఉన్నదీ మరిచిపోతుంటానని ఆయనే చెప్పాడు. అటు చెంగమ్మ, ఆమె వకీలు వచ్చారు. వకీలు నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. నన్ను కోర్టులో "మిత్రులు" అని, బయట "తమ్ముడూ" అని పిలిచేవాడు. ఆడవాళ్ళు కమిషనుకు రావడం అప్పట్లో అరుదు. ఎండలో ఇంత దూరం ఎందుకొచ్చిందని గురవయ్య అడిగితే ఆమె, "నాదని దావా ఏసినాను గదా బావా. ఎట్లుంటాదో సూడద్దా?" అంది.

పడవల రేవు దగ్గర అందరి సంతకాలు, వేలిముద్రలు తీసుకుని నడక మొదలుపెట్టాం.

మేష్టారు బెత్తంతో సరస్సు వైపు చూపించి, ఓడలు ఇక్కడిదాకా వచ్చేవి కావని, బయట సముద్రంలో లంగరు వేసుకుంటే చిన్న పడవలు సరుకు మోసేవని, ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతూ వచ్చి రేవు చచ్చిపోయిందని చెప్పాడు. మీకెలా తెలుసని అడిగాను. ఆయన ఆగి నన్ను కింది నుంచి పైకి చూశాడు.

"సార్, నేను చెప్పేది మూడు రకాలు. కంటితో చూసింది ఒకటి. మా తాత చెప్తే విన్నది ఒకటి. వినేవాళ్ళకు బాగుంటుందని చెప్పేది ఒకటి. ఏది ఏ రకమో అడిగితే చెప్తాను. అడక్కపోతే చెప్పను."

ఇటువంటి సాక్షిని నేను మళ్ళీ చూడలేదు. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ అడిగాను, ఆయన ప్రతిసారీ విసుగు లేకుండా చెప్పాడు. ఓడల సంగతి విన్నది. ఇసుక సంగతి చూసింది.

కోట అని చూపించిన చోట కోట లేదు. వలందావాళ్ళు, అంటే డచ్చి వర్తకులు, కట్టుకున్న కోటను తర్వాత వచ్చిన ఇంగ్లీషువాళ్ళు పడగొట్టేశారు. మిగిలింది కందకం జాడ, మట్టి దిబ్బలు, వాటిమీద ముళ్ళకంప. ఇటుకలన్నీ ఏమయ్యాయని అడిగితే, "ఇది చూసింది సార్" అంటూ మేష్టారు మమ్మల్ని పక్క వీధిలోకి తీసుకుపోయి ఒక ఇంటి అరుగు అంచున సున్నం రాలిన చోట బెత్తంతో తాకాడు. మన ఇటుకలో సగం మందం కూడా లేని సన్నని, గట్టి ఇటుకలు. వీధి పొడవునా అరుగులు అవే. కోట ఎక్కడికీ పోలేదు, ఇళ్ళలోకి వచ్చి కూర్చుంది.

అక్కడినుంచి సమాధుల తోట. చుట్టూ ఎత్తైన గోడ. ద్వారానికి రెండువైపులా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉన్నాయి. లోపల నిలువెత్తు పలకల మీద కిరీటాలు, ఓడలు, మాకెవరికీ చదవరాని పొడవాటి లిపి. వలందావాళ్ళు తమ దేశంలోనే వీటిని చెక్కించి ఓడల్లో తెచ్చుకున్నారని మేష్టారు చెప్పాడు. ఏ రకమని అడగకముందే, "ఇది మూడో రకం, కానీ బాగుంటుంది" అన్నాడు. చెంగమ్మ ఆ గోడను చేత్తో తడిమి చూసి, "సచ్చినోళ్ళకు ఇంత గట్టి గోడ కట్టినారే. బతికుండేవాళ్ళకు ఒక మూల ఇయ్యడానికి మావోళ్ళకు సేతులు రావు" అంది. గురవయ్య, "సెంగమ్మా, కమిషనరు సామి రాసుకుంటా ఉండాడు, నోరు జాగ్రత్త" అన్నాడు. "రాసుకోనీ" అందామె. అది నేను రాయలేదు. గోడ ఎత్తు రాశాను.

తర్వాత మరక్కాయర్ల, అంటే తమిళ ముస్లిం ఓడ వర్తకుల, వీధి. చెక్కిన ద్వారబంధాలు, వరసగా చెక్క స్తంభాలున్న ఎత్తరుగులు, అరుగుల మధ్య తాళ్ళమీద ఆరబెట్టిన రంగు నూలు. పులికాట్ లుంగీల నూలు అది. ఒకప్పుడు ఓడల్లో తూర్పు దీవులకు పోయేది. వీధి చివర మసీదు, దాని వెనక సందు దాటితే ఎర్రని రంధ్రాల రాతితో కట్టిన గుడి. గుడి పక్కనే వివాదంలో ఉన్న కట్టడం. రేవునుంచి గుడికి వెళ్ళే మనిషి దాని ముందు నుంచే వెళ్ళాలన్న మాట నిజం. అది రాసుకున్నాను. గురవయ్య ముఖం వికసించింది.

కట్టడం పెద్దది. గోడలు రెండు మూరల మందం. సున్నంలో గవ్వల ముక్కలు మెరుస్తున్నాయి. వీధివైపు కిటికీలు లేవు. పైకప్పుకు దగ్గరగా గాలికోసం వదిలిన చిన్న సందులు మాత్రం ఉన్నాయి. తలుపు రెండెడ్ల బండి నేరుగా లోపలికి పోయేంత వెడల్పు. లోపల వరసగా మూడు పొడవాటి గదులు, ఒకదానిలోంచి ఒకదానిలోకి కమాను దారులు. పైన టేకు దూలాలు, వాటిమీద నిలువుగా పేర్చిన ఇటుకల మిద్దె. దూలాలకు అక్కడక్కడ ఇనుప కడియాలు. వలందావాళ్ళు బట్టల మూటలు దాచింది ఇక్కడేనని మేష్టారు చెప్పాడు. అది విన్నది.

గుమ్మంపై అక్షరాల దగ్గర చెంగమ్మ వకీలు ఆగి, ఇవి కొత్తవని రాయమన్నాడు. నేను మేష్టారిని ఈ ఊళ్ళో కొత్త సున్నం పాతబడటానికి ఎంతకాలం పడుతుందని మాత్రం అడిగాను. ఒక్క వానాకాలం చాలన్నాడు. ఉప్పుగాలి అన్నిటినీ ఒకే వయసుకు తెస్తుందన్నాడు. కాబట్టి "అక్షరాలు ఉన్నాయి, వాటి వయసు చూపుతో నిర్ణయించలేను" అని రాశాను. వకీలు నావైపు అసంతృప్తిగా చూశాడు. "తమ్ముడూ, కాలేజీలో ఉపన్యాసాలిచ్చేటప్పుడు నీకు ఇంత అనుమానం ఉండేదా?" అన్నాడు.

కొలతలు ముగిసేసరికి మధ్యాహ్నమైంది. మునిరత్నం సంచీ దించి, "అయ్యా, సంగటి యాడ కెలికేది?" అని అడిగాడు.

నాకు ఆకలిగా ఉంది. ఆకలిలోనూ తర్కం పోలేదు. ఇరుపక్షాల ఇళ్ళలో తినకూడదన్నది ఆచారం. కాని ప్రతివాది చెప్పినట్టు ఇది అందరికీ తెరిచిన సత్రమే అయితే, ఇక్కడి పొయ్యి వాడుకోవడం ఎవరి ఆతిథ్యమూ పొందడం కాదు. ఈ మాట పైకే అన్నాను. చెంగమ్మ వకీలు వెంటనే అభ్యంతరం చెప్పాడు: కమిషనరు ఇక్కడ వండుకుంటే దీన్ని సత్రమని ఒప్పుకున్నట్టేనని. అభ్యంతరం నమోదు చేసుకుంటానన్నాను. గురవయ్య మాత్రం పొంగిపోయాడు. కమిషనరే యాత్రికుడైతే అంతకుమించిన సాక్ష్యం ఏముంటుంది?

"సత్రమే గదా సామీ! మీరు తింటే మాకు పుణ్యం. రాప్పా మునిరత్నం, రా, లోపలికి రా" అంటూ ముందు నడిచాడు.

మొదటి గది దాటాం. రెండోది దాటాం. మూడో గదిలో గురవయ్య ఒక మూలకు చూసి, ఇంకో మూలకు చూసి, మళ్ళీ రెండో గదిలోకి వచ్చాడు. మునిరత్నం కుండ చంకన పెట్టుకుని అతని వెనకే తిరిగాడు.

"పొయ్యి యాడుండాది శెట్టీ?"

"ఉండాదిలే, తొందరేముండాది?"

"నాకేం తొందర లేదు. అయ్యగారికే."

గురవయ్య వెనక తలుపు తీసి పెరట్లోకి తీసుకుపోయాడు. అక్కడ సున్నానికి పోగేసిన గవ్వల కుప్పలు, చిరిగిన వలలు ఉన్నాయి. యాత్రికులు మూడు రాళ్ళు పెట్టుకుని వండుకుంటారని అన్నాడు. మసిబారిన రాయి ఏదీ కనిపించలేదు. అదివరకటి గుర్తులుంటే వానకు పోయి ఉండవచ్చు కాబట్టి ఆ మాట కూడా రాసుకున్నాను. మళ్ళీ లోపలికి వచ్చి ఈసారి గోడలను పైనుంచి కిందికి చూశాను. ఏ గోడమీదా, ఏ దూలంమీదా పొగచూరిన జాడ లేదు. పొగ పోవడానికి మిద్దెలో రంధ్రం లేదు. గంజి వార్చిన నీళ్ళు పారడానికి తూము లేదు. రుబ్బురోలు లేదు, అది ఉండిన గుంట లేదు.

చెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏం బావా! యాత్రోళ్ళకు అన్నం పెట్టినామంటివే. యాడ వండినావు? నెత్తిన పెట్టుకునా?"

"నీకు తెలీదులే, ఊరకుండు" అన్నాడు గురవయ్య.

వంట ఎక్కడ జరుగుతుందో ఆ కుటుంబంలో ఏ మగవాడికీ ఆలోచించవలసిన అవసరం కలగలేదు. విస్తరి ముందు కూర్చుంటే అన్నం వచ్చేది. అందుకే సత్రానికి అక్షరాలు తీర్చడం, దారి చూపే పెద్దమనిషిని తేవడం గుర్తున్నాయి గాని పొయ్యి గుర్తు రాలేదు.

చెంగమ్మ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆమె వకీలు నన్ను పక్కకు రమ్మని సైగ చేశాడు. ఒక పక్షంతో విడిగా మాట్లాడలేనని, చెప్పేదేదో అందరి ముందూ చెప్పమని అన్నాను. ఆయన ఇబ్బంది పడుతూనే చెప్పాడు: పొయ్యి సంగతి ఏ మెమోలోనూ లేదు, మెమోలో లేనిది నివేదికలో అక్కర్లేదు. ఆయన భయం నాకు అర్థమైంది. పొయ్యి లేకపోతే సత్రం కాదన్న మాట ఎంత నిజమో, నివాస గృహమూ కాదన్న మాట అంతే నిజం. దావా పత్రంలో ఆమె ఇది నివాస గృహమని రాయించి, అది నిజమని వేలిముద్ర వేసింది. ఇది వట్టి గిడ్డంగి అయితే ఆమె చెప్పినది తప్పవుతుంది. పైగా గిడ్డంగి వ్యాపారానికి సంబంధించినది. తండ్రి తర్వాత వ్యాపారం చేసింది గురవయ్య. ఇది నా సొంత సంపాదనతో నిలబెట్టుకున్నదని అతను రేపు అంటే జవాబు వెతుక్కోవాలి. పొయ్యి లేక అప్పటికే సగం కూలిన సత్రం వాదం కంటే అది గట్టి వాదం.

ఇదంతా ఆయన ఆమెకు అక్కడే, గురవయ్య వింటుండగానే, వివరించవలసి వచ్చింది. గురవయ్య శ్రద్ధగా విన్నాడు.

చెంగమ్మ మూడు గదుల వైపూ ఒకసారి చూసింది. "నాకు ఇల్లని సెప్పినారు, ఇల్లని ఏలిముద్ర ఏసినాను. ఇప్పుడు నా కండ్లతో సూస్తా ఉండాను గదా, ఇది ఇల్లు గాదు. లేంది లేనట్టే రాయి సామీ. ఆయన సత్రం పోతే పోనీ, నా ఇల్లూ పోతే పోనీ."

"అమ్మా, ఇది మాటలకు పోయే సమయం కాదు" అన్నాడు వకీలు.

"మాటలకు పోయేదుంటే సిత్తూరులోనే పోయుందును. ఈడిదాకా ఎందుకొస్తాను?"

నేను రాశాను. మెమోలు గమనించవలసినవాటిని చూపుతాయే గాని గమనించకూడనివాటిని నిర్ణయించవని నా అభిప్రాయం. "లోపల గాని పెరట్లో గాని పొయ్యి, పొగచూరిన గుర్తు, తూము, రోలు కనిపించలేదు" అని ఒక వాక్యం రాసి అందరికీ చదివి వినిపించాను. గురవయ్య, చెంగమ్మ వకీలు ఇద్దరూ అభ్యంతరం చెప్పారు. ఇరుపక్షాలూ ఒకే వాక్యానికి అభ్యంతరం చెప్పడం నా వృత్తిలో అదొక్కసారే చూశాను. సంగటి చివరికి కాలువ గట్టున పడవవాళ్ళ పొయ్యిమీద ఉడికింది. మేష్టారు మాతోపాటు తిన్నాడు. ఆయన ఏ పక్షమో అప్పటికి ఆయనకే స్పష్టంగా లేదు.

కమిషనరు నివేదిక దావాలో సాక్ష్యమే; కావాలంటే ఏ పక్షమైనా అతన్ని బోనెక్కించి ప్రశ్నించవచ్చు. గురవయ్య వకీలు ఆరోగ్యం కుదుటపడి ఆ పని చేశాడు. వాదపోటీల్లో ప్రశ్నలు వేసిన నాకు బోనులో నిలబడటం అదే మొదలు.

"మీరు పరిశీలనకు వెళ్ళారా, భోజనానికి వెళ్ళారా?"

పరిశీలనకే వెళ్ళానని, మధ్యాహ్నం ఆకలి వేసిందని చెప్పాను. కోర్టులో నవ్వులు వినిపించాయి.

"ఆకలి వేయకపోతే పొయ్యి గురించి రాసేవారు కాదు గదా?"

"రాసేవాణ్ణి కాదు. వెతికేవాణ్ణి కాదు కాబట్టి. కాని నాకు ఆకలి వేసినందువల్ల పొయ్యి మాయం కాలేదు."

జడ్జి ఆ జవాబును రాసుకున్నాడు. తర్వాత మేష్టారు ప్రతివాది తరఫు సాక్షిగా వచ్చాడు. సత్రంలో అన్నదానం చూశారా అని అడిగితే, గురవయ్య తండ్రి ఏడూడి నాడు, అంటే సంవత్సరీకం రోజున, తాను అక్కడ విస్తరిలో తిన్నానని, అది కంటితో చూసిందని చెప్పాడు. ఆ అన్నం ఎక్కడ వండారని ఎదుటి వకీలు అడిగితే, పడవలో గంగాళాలు వచ్చాయని, అదీ కంటితో చూసిందేనని చెప్పాడు. మిగతా సంవత్సరాల అన్నదానం గురవయ్య చెప్పగా విన్నది.

చెంగమ్మ వకీలు భయపడినట్టే గురవయ్య చివర్లో గిడ్డంగి తన వ్యాపారపు ఆస్తి అని అనబోయాడు. కాని తండ్రి తన ఆస్తిని ధర్మానికి ఇచ్చాడని ప్రమాణం చేసి చెప్పినవాడు, అది తండ్రిదే కాదని వెంటనే అనలేడు. దావా పత్రంలో "నివాస గృహం" అన్నదాన్ని "గిడ్డంగి" అని దిద్దుకోవడానికి కోర్టు చెంగమ్మకు అనుమతి ఇచ్చింది. స్థలాన్ని చూసిన తర్వాత తన మాటను తానే సరిచేసుకున్నది ఆ దావాలో ఆమె ఒక్కతే అని తీర్పులో ఉంది. ధర్మానికి ఇచ్చినట్టు రుజువు కాలేదు. ఆమెకు సగం వాటా ఖాయమైంది. పంపకంలో సరస్సు వైపు సగం ఆమె కోరి తీసుకుంది. గవ్వల సున్నం వ్యాపారికి ఒక గది అద్దెకిచ్చి, మిగిలినదాంట్లో తాను ఉంటున్నదని తర్వాత ఆమె వకీలు చెప్పాడు. బావ పంచకు తిరిగి వెళ్ళలేదు.

కొన్నేళ్ళకు నేను మున్సిఫ్‌గా ఉద్యోగంలో చేరి, జిల్లా జడ్జిగా రిటైరయ్యాను. ఆ మధ్యకాలంలో చాలామంది యువ న్యాయవాదులను కమిషనర్లుగా పంపాను. వాళ్ళకిచ్చే మామూలు వారంటుకు, అంటే నియామకపు ఉత్తర్వుకు, నేనొక వాక్యం చేర్చేవాణ్ణి: అటువంటి కట్టడంలో ఉండవలసి ఉండి, లేనివాటిని కూడా గమనించాలి. మదనపల్లెలో ఒక కమిషనరు దీన్ని అక్షరాలా పాటించి, ఒక పూరింటిలో గుర్రాల సాల లేదని రాశాడు. అతన్ని పిలిచి, ఆ ఇంట్లో ఎవరు ఉంటున్నారు, ఉదయం లేచి వాళ్ళు మొదట ఏం చేస్తారు, దానికి ఏం కావాలి అని అడిగాను. అతను మళ్ళీ వెళ్ళి చూసి వచ్చాడు. రెండో నివేదిక బాగుంది.

దారి చూపేవాడు ఉన్నదాన్నే చూపగలడు. లేనిది కనిపించాలంటే, చూసేవాడు ఆ చోట ఒక పూటైనా బతకడానికి ప్రయత్నించాలి. పరిశీలన గురించి ఆ కమిషన్ నాకు నేర్పింది ఇంతే.